పాత మిలిటరీ పనిముట్లు, టూల్ బాక్సులు సేకరించడం: ముద్ర చదవడం నుంచి తుప్పు తీయడం దాకా

"ఈ పానా మీద బాణం గుర్తు ఉంది, మిలిటరీదేనా?" "తుప్పు దేనితో తీయాలి?" "పెట్టెకు రంగు వేయించొచ్చా?" ఈ మూడు ప్రశ్నలు నన్ను చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్తే చివరికి ఎవరికీ పూర్తిగా అందడం లేదు. అందుకే నెల్లూరు, ఒంగోలు వైపు ఉండేవాళ్ల కోసం మొత్తం వరసగా రాస్తున్నాను. మన గాలిలో ఉప్పు ఉంది, కార్తీకంలో తుపాన్లు వస్తాయి, కాబట్టి పొడి ఊళ్లలో పనికొచ్చే పద్ధతులన్నీ ఇక్కడ పనికిరావు.

ఒక్క మాట ముందే చెప్తాను. వస్తువు చేతికి రాగానే తుడవకండి. ముందు చదవండి. మిలిటరీ పనిముట్టు విలువంతా దాని మీది అక్షరాల్లో, అంకెల్లో, పాత రంగు పొరలో ఉంటుంది. అవి పోయాక మిగిలేది ఇనుమే.

1. ఏది సేకరించాలో ముందు తేల్చుకోండి

దొరికిందల్లా తెస్తే ఏడాదిలో ఇల్లు నిండుతుంది, సేకరణ మాత్రం తయారవదు. కింది వాటిలో ఒక దారి పట్టుకోండి:

- పానాలు మాత్రమే
- ఒక బండికి సంబంధించిన సరంజామా మాత్రమే (జీపు, శక్తిమాన్ లారీ, జోంగా)
- పెట్టెలు మాత్రమే (ఇనుప టూల్ బాక్సులు, చెక్క పెట్టెలు)

కొత్తవాళ్లకు నా సలహా పానాలు. చిన్నవి, చవక, ముద్రలు స్పష్టంగా ఉంటాయి, ఒక అరలో వంద పడతాయి. పెట్టెలకు చోటు కావాలి, పని కూడా ఎక్కువ.

2. సంచిలో ఉండాల్సినవి

- చిన్న టార్చిలైటు
- తెల్ల సుద్దముక్క
- మెత్తటి పాత పళ్ల బ్రష్షు
- వెర్నియర్ కాలిపర్, అంటే మిల్లీమీటర్లలో మందం, వెడల్పు కొలిచే పరికరం (ప్లాస్టిక్‌దైనా చాలు)
- చిన్న అయస్కాంతం
- మందపాటి చేతి తొడుగులు
- నోటు పుస్తకం, పెన్సిలు, పల్చటి కాగితాలు
- నూలు గుడ్డ, పాత టవలు

వైర్ బ్రష్షు, ఉప్పు కాగితం ఇంట్లోనే వదిలి వెళ్లండి. కొట్టు దగ్గర ఆత్రంలో వాటితో రుద్దితే నష్టం అక్కడే మొదలవుతుంది.

3. ఎక్కడ వెతకాలి

*గుజిరీ కొట్లు, ఆటోనగర్లు.* నెల్లూరు, ఒంగోలు రెండు చోట్లా పాత ఇనుప కొట్లలో పానాలు గుట్టగా పోసి ఉంటాయి. పొద్దున్నే వెళ్లండి, ఎండ ముదిరాక ఇనుము ముట్టుకోలేరు. "మిలిటరీ సామాను ఉందా?" అని అడగకండి. ఆ మాట వినగానే రేటు మారుతుంది, లేనిది కూడా ఉందంటారు. "పాత పానాలు ఏమన్నా ఉండాయా అన్నా?" అంటే చాలు, గుట్ట చూపిస్తారు.

*పాత మెకానిక్కుల పెట్టెలు.* అన్నిటికన్నా మంచి చోటు ఇదే. లారీ షెడ్లలో నలభై ఏళ్లు పనిచేసి మానేసిన పెద్దాయన పెట్టెలో అడుగున నూనె మడ్డిలో ఉండేవి చాలాసార్లు అసలైనవి. పని ఆగిపోయినా ఆ పెట్టె ఆయనకు చేతిలాంటిది. ఒక్కసారికే అడిగి తెచ్చేసుకోవాలని చూడకండి. కూర్చుని మాట్లాడండి, ఏ పానాతో ఏ పని చేశారో రాసుకోండి.

*మాజీ సైనికుల ఇళ్లు.* గిద్దలూరు వైపు మిలిటరీలో చేసి వచ్చినవాళ్ల కుటుంబాలు కనబడతాయి. అక్కడ బేరం ఆడొద్దు. అమ్ముతామంటే వాళ్లు చెప్పిన ధర ఇవ్వండి. అమ్మబోమంటే ఫొటో తీసుకుని, దండం పెట్టి రండి.

*చెన్నై పుదుపేట.* నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే రాత్రికి తిరిగి రావచ్చు. పాత బండి విడిభాగాల కొట్లు వరసగా ఉంటాయి.

*ప్రభుత్వ ఈ-వేలం.* సైన్యం వద్దనుకున్న సామాను ఎం.ఎస్.టి.సి. అనే ప్రభుత్వ సంస్థ ద్వారా ఆన్‌లైన్ వేలానికి వస్తుంది. పేరు నమోదు చేసుకోవాలి, ధరావతు కట్టాలి, లాట్లు టన్నుల్లో ఉంటాయి. ఒంటరిగా దిగే పని కాదు. తెలిసిన గుజిరీ వ్యాపారి వేలంలో కొంటుంటే, లారీ దిగిన రోజు పిలవమని చెప్పి ఉంచండి.

4. ముద్ర చదవడం

ఇక్కడ ఎంత ఓపిక పడితే అంత లాభం.

1. పానాను సబ్బు నీళ్లలో ముంచి పళ్ల బ్రష్షుతో మట్టి, గ్రీజు మాత్రమే పోయేలా రుద్దండి. వెంటనే ఆరబెట్టండి.
2. చీకటి గదిలో టార్చిలైటును పక్క నుంచి, ఇనుముకు దాదాపు ఆనించి వేయండి. నీడ పడి అక్షరాలు లేస్తాయి.
3. సుద్దముక్కను అడ్డంగా పెట్టి రుద్ది, వేలితో పైపైన తుడవండి. గుంటల్లో తెలుపు నిలబడుతుంది.
4. ఫొటో తీయండి. పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి.

నా దగ్గర ఒక డబుల్ ఎండ్ పానా ఉంది. నల్లటి కట్టె ముక్కలా వచ్చింది, రెండు వైపులా గ్రీజు రాయిలా గట్టిపడి ఉంది. మూడు రోజులు డీజిల్లో నానబెట్టి, సుద్ద రుద్ది, రాత్రి టార్చి వేస్తే మొదట 3/8 కనబడింది, పక్కన బి.ఎస్. అదే చివర 5/16, డబ్ల్యూ (రెండూ ఒకే నోటికి పాత బ్రిటిష్ సైజు గుర్తులు, ఐదో భాగంలో చెప్తాను). మధ్యలో, బొటనవేలు ఆనే చోట అరిగి అరిగి, ఇసుకలో కోడి కాలు పెట్టి తీసినట్టు మూడు చిన్న గీతలు. దాని కింద ఒక నిలువు గీత. పక్కన 1943. అదే పానాను గ్రైండరు చక్రానికి పెట్టి ఉంటే పది సెకన్లలో ఆ గీతలు పోయేవి.

ఇప్పుడు గుర్తులు ఒక్కొక్కటే:

- మూడు గీతల బాణం: బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తి గుర్తు. పక్కన డబ్ల్యూ.డి. ఉంటే వార్ డిపార్ట్‌మెంటు.
- బాణం కింద 'ఐ' అక్షరం: ఇండియా సైన్యం కోసం తీసుకున్నది. మన వైపు ఎక్కువ విలువ ఇవ్వాల్సింది దీనికే, మన దేశంలో వాడిన వస్తువని అదే చెప్తుంది.
- కిరీటం కింద ఏ.ఎం.: ఎయిర్ మినిస్ట్రీ, అంటే విమాన దళం సామాను.
- నాలుగంకెల సంవత్సరం: 1940 నుంచి 1945 మధ్యవి ఎక్కువగా తగులుతాయి.
- యు.ఎస్.: అమెరికా సైన్యం. జీపు సామానులో ఫోర్డ్ 'ఎఫ్' అక్షరం కనబడుతుంది. ఫోర్డ్ మామూలు బండ్లకూ పానాలు ఇచ్చింది కాబట్టి ఎఫ్ ఒక్కటే ఉంటే మిలిటరీదని అనుకోవద్దు.
- 13 అంకెల నంబరు: నాలుగు, రెండు, మూడు, నాలుగుగా విడగొట్టి ఉంటుంది. ఇది సైన్యాల స్టాకు నంబరు, అమెరికా సామాను మీద 1974 తర్వాతి పద్ధతి. మొదటి నాలుగు 5120 అయితే చేతి పనిముట్టు, 5140 అయితే టూల్ బాక్సు. తర్వాతి రెండంకెలు దేశాన్ని చెప్తాయి: 99 బ్రిటన్, 00 లేదా 01 అమెరికా, 72 ఇండియా.

తయారీదారు పేరు వేరు, సైన్యం ముద్ర వేరు. కింగ్ డిక్, బ్రిటూల్ లాంటి కంపెనీలు బజారుకూ అమ్మాయి, సైన్యానికీ ఇచ్చాయి. బాణం లేని కింగ్ డిక్ మంచి పానాయే, మిలిటరీదని రాసుకోకూడదు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూడాల్సింది. నెల్లూరు, బిట్రగుంట, ఒంగోలు మీదుగా వెళ్లే రైలు దారి 1951 దాకా మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వేది. బిట్రగుంటలో పెద్ద ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉండేది. ఎం.ఎస్.ఎం. అనో, ఎస్.ఆర్. అనో ముద్ర ఉన్న బరువైన పానాలు ఈ చుట్టుపక్కల కనబడితే అవి రైల్వేవి, మిలిటరీవి కావు. వాటిని కొనడంలో ఉన్న చిక్కు ఏడో భాగంలో చెప్తాను.

5. సైజు కొలవండి, జత కుదిరిందో తెలుస్తుంది

"జీపు టూల్ సెట్ పూర్తిగా ఉంది" అని అమ్మేవాటిలో సగం కలగాపులగం. వెర్నియర్ పెడితే బయటపడుతుంది.

అమెరికా పానా మీద అంకె నోటి వెడల్పును చెప్తుంది. 1/2 అని ఉంటే నోరు అర అంగుళం, 12.7 మి.మీ. పాత బ్రిటిష్ పానాల మీద అంకె బోల్టు కాడ మందాన్ని చెప్తుంది, నోరు అంతకన్నా చాలా పెద్దది. అందుకే ఒకే 1/2 అంకె ఉన్న రెండు పానాలు పక్కపక్కన పెడితే ఒకటి రెండోదానికి దాదాపు రెట్టింపు కనబడుతుంది. అది చూసి నకిలీ అనుకుని వదిలేసినవాళ్లు నాకు తెలుసు.

విట్‌వర్త్ (పాత బ్రిటిష్ కొలత, ముద్ర 'డబ్ల్యూ') పానాల నోళ్లు ఇవి:

- 1/4 డబ్ల్యూ: 13.3 మి.మీ.
- 5/16 డబ్ల్యూ: 15.2 మి.మీ.
- 3/8 డబ్ల్యూ: 18 మి.మీ.
- 7/16 డబ్ల్యూ: 20.8 మి.మీ.
- 1/2 డబ్ల్యూ: 23.4 మి.మీ.

బి.ఎస్. అని ఉంటే ఒక మెట్టు కిందికి జరపండి: 5/16 బి.ఎస్. అంటే 1/4 డబ్ల్యూ నోరే.

ఇక జత సంగతి. జీపు సరంజామాలో అమెరికా కొలతలే ఉండాలి. బ్రిటిష్ లారీలవైతే డబ్ల్యూ, బి.ఎస్. జబల్‌పూర్‌లో తయారైన శక్తిమాన్‌కు మూలం జర్మనీ మాన్, జోంగాకు మూలం జపాన్ నిస్సాన్, కాబట్టి వాటివి మిల్లీమీటర్లు. జీపు సెట్టులో 17 మి.మీ. పానా ఉంటే అది తర్వాత ఎవరో వేసింది. విడిగా మంచిదే కావచ్చు, సెట్టు ధర మాత్రం ఇవ్వకండి.

6. దొంగ ముద్రలు పట్టుకోవడం

బాణం పంచ్ చేయించుకోవడం ఏ కొలిమి దగ్గరైనా అయ్యే పని. ఇవి చూడండి:

- గుంట అడుగు మెరుస్తోందా? చుట్టూ పాత తుప్పు, గుంటలో మాత్రం కొత్త ఇనుము అయితే ఈ మధ్య కొట్టిందే.
- గుంట అంచు పైకి ఉబ్బి వేలికి గుచ్చుకుంటోందా? ఎనభై ఏళ్లు చేతుల్లో తిరిగిన ముద్ర అంచు నున్నగా ఉంటుంది.
- ముద్ర చుట్టూ గ్రైండరు గీతలు ఉన్నాయా? పాత పేరు చెరిపేసి ఉంటారు.
- మిల్లీమీటర్ల సైజు మీద 1942 బాణం ఉందా? వదిలేయండి.
- ఒకే కొట్టులో పది పానాల మీద బాణం ఒకే వంపుతో ఉందా? అక్కడ కొనడం ఆపండి.

7. తాకకూడనివి, కొనకూడనివి

ఈ భాగం దాటేయకండి.

- పేలే వస్తువు: తూటా, మూత బిగించిన గుండు, ఏమిటో తెలియని లోహపు గొట్టం. చేతిలోకి తీసుకోవద్దు, కదపొద్దు, వెనక్కి తగ్గి 112కు ఫోన్ చేయండి. పాతది కదా అని ధైర్యం చేయొద్దు, పాతబడ్డ మందు ఇంకా ప్రమాదం.
- తుపాకీ భాగాలు: 1959 ఆయుధాల చట్టం కింద విడిభాగాలు కూడా ఆయుధాలే. 'పనిముట్ల పెట్టె'లో తుపాకీ బోల్టు, తుపాకీ గొట్టం కనబడితే ఆ పెట్టె వద్దు. బాయినెట్లూ పనిముట్లు కావు.
- రైల్వే ముద్ర సామాను: 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ఉంది. వేలం కాగితం చూపిస్తే తప్ప కొనకండి.
- ఇప్పుడు సైన్యంలో వాడుకలో ఉన్న సామాను: కొత్తగా మెరుస్తూ ఇండియా నంబరుతో ఉంటే అది బయటికి ఎలా వచ్చిందో అడగండి. దొంగసొత్తని తెలిసి కొనడం కూడా నేరమే.
- చీకట్లో వెలిగే రంగు పూసిన పాత దిక్సూచులు, గేజీలు: కొన్నిటిలో రేడియం ఉంటుంది. విప్పొద్దు, గీకొద్దు.

తూకానికి కొన్నా సరే, తేదీ వేసి చీటీ రాయించుకోండి. కొట్టువాళ్లు నవ్వినా పట్టించుకోకండి.

8. తుప్పు తీయడం, వరస తప్పకుండా

మొదట పూత ఏమిటో చూడండి. యుద్ధకాలపు పానాల మీద కొన్నిటికి కాడ్మియం పూత ఉంటుంది: మసక వెండి రంగు, కొంచెం పసుపు ఛాయ, అక్కడక్కడ తెల్లటి పొడి. కాడ్మియం విషం. రుద్దొద్దు, ఆమ్లంలో వేయొద్దు, వేడి చేయొద్దు. తొడుగులు వేసుకుని తడి గుడ్డతో తుడిచి, నూనె రాసి, ఆ గుడ్డ పారేయండి. అంతే.

పూత లేని ఇనుముకు:

1. కడగడం. సబ్బు, మంచి నీళ్లు. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్ల నుంచి తెచ్చినదైతే ఒక రోజు మంచి నీళ్లలో ఉంచి, మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చండి. లోపలి ఉప్పు పోకపోతే తుప్పు మళ్లీ వస్తుంది.
2. డీజిల్లో నానబెట్టడం. రెండు మూడు రోజులు. సగం సామానుకు ఇంతే చాలు. ఇత్తడి పీచుతో మెల్లగా రుద్దితే ఎర్ర తుప్పు పోయి నల్ల పొర మిగులుతుంది. ఆ నల్ల పొర ఉండనివ్వండి.
3. నిమ్మ ఉప్పు. ఇంకా తుప్పు ఉంటేనే. లీటరు నీళ్లకు 50 గ్రాములు. గంటకోసారి తీసి చూడండి. రాత్రంతా వదిలి నిద్రపోవద్దు, సన్నటి అక్షరాల అంచులు కరిగిపోతాయి.
4. వంట సోడా నీళ్లలో ముంచి కడగడం. ఆమ్లం ఆగాలి.
5. వెంటనే ఆరబెట్టడం. మన ఎండ ఇక్కడ వరం. తుడిచి, ఎండలో అరగంట పెట్టి, ఇనుము వెచ్చగా ఉండగానే కుట్టుమిషను నూనె రాయండి. కడిగి పక్కన పెట్టి భోజనానికి వెళ్తే తిరిగొచ్చేసరికి పసుపు తుప్పు పూస్తుంది.

బాత్‌రూమ్ యాసిడ్ వద్దే వద్దు. స్ప్రింగులు, గట్టి ఉక్కు దానితో పెళుసై విరుగుతాయి.

కరెంటు పద్ధతి గురించి అడుగుతారు. చాకలి సోడా ఐదు లీటర్లకు ఒక పెద్ద చెంచా, 12 వోల్టుల ఛార్జరు, నెగటివ్ వైరు పానాకు, పాజిటివ్ మామూలు ఇనుప ముక్కకు. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క వాడొద్దు, నీళ్లలోకి విషం దిగుతుంది. ఉప్పు వేయొద్దు. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయండి. పాత రంగు ఉన్న వస్తువుకు ఈ పద్ధతి వద్దు, రంగు ఊడిపోతుంది.

9. పెట్టెలు

నా మొదటి మిలిటరీ టూల్ బాక్సును ఒక లారీ బాడీ షెడ్డులో ఇచ్చాను. "శుభ్రం చేసి పెట్టండి" అన్నాను. వాళ్లు ఇసుక కొట్టి, బూడిద రంగు ప్రైమర్ వేసి, ఎంతో శ్రద్ధగా తిరిగి ఇచ్చారు. కొన్న రోజు ఫోన్లో తీసిన ఒకే ఒక్క ఫొటోలో మూత లోపల పచ్చరంగు కింద తెల్ల అక్షరాలు సగం కనబడుతున్నాయి. అవి ఏమిటో ఇక ఎప్పటికీ చదవలేను. ఆ బాధ ఇంకా ఉంది. అందుకే పెట్టెకు రంగు వేయించొచ్చా అని అడిగిన ప్రతివారికీ వద్దనే చెప్తాను.

ఇనుప పెట్టెకు చేయాల్సినవి:

- మూత లోపల, అడుగున, పక్కల అన్ని వైపులా ఫొటోలు
- సబ్బు నీళ్ల గుడ్డతో తుడవడం. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్ది దుమ్ము లేపొద్దు
- కీళ్లకు, గొళ్లేలకు డీజిల్ చుక్కలు, మర్నాడు గ్రీజు
- రంగు లేచిన చోట మైనం పూత

తూటాల పెట్టెలను టూల్ బాక్సుగా అమ్ముతుంటారు. అది తప్పేమీ కాదు, చాలామంది జవాన్లు కూడా అలాగే వాడారు. రాసుకునేటప్పుడు మాత్రం 'తూటాల పెట్టె' అనే రాయండి. మూత రబ్బరు బాగుంటే వానాకాలానికి అంతకన్నా మంచి పెట్టె లేదు.

చెక్క పెట్టెలో ముందు పురుగు చూడాలి. తెల్ల కాగితం మీద పెట్టి రెండు రోజులు వదిలేయండి. పిండిలాంటి పొడి రాలితే లోపల పురుగు బతికే ఉంది. ఇంట్లోకి తేకుండా బయటే మందు పట్టించండి. రోహిణి కార్తె ఎండలో మాత్రం పెట్టొద్దు, పలక నెర్రెలిస్తుంది.

10. దాచడం, రాసుకోవడం

- పానాలను నూనె గుడ్డలో చుట్టండి. గోనె సంచి, న్యూస్‌పేపరు, తోలు సంచి తేమను పట్టి ఉంచుతాయి.
- కాన్వాసు చుట్టలో చూపించండి, అందులో దాచొద్దు.
- కొబ్బరి నూనె, నువ్వుల నూనె రాయొద్దు, జిగురు కడతాయి.
- పెట్టెలను గోడకు జానెడు దూరంలో, రెండు చెక్క దిమ్మెల మీద ఉంచండి.
- అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పదిహేను రోజులకోసారి తెరిచి చూడండి. తుపాను వెళ్లిన మర్నాడు తప్పనిసరి.

ప్రతి వస్తువుకూ నూలు దారంతో ఒక చీటీ కట్టండి, స్టిక్కరు అంటించొద్దు. పుస్తకంలో నంబరు, కొన్న ఊరు, తేదీ, ధర, పొడవు, నోటి కొలత, ముద్ర పెన్సిలు అచ్చు, ఇచ్చినవారు చెప్పిన సంగతి.

11. చెయ్యి జారినప్పుడు

*తుప్పు తీశాక పానా తెల్లగా మెరిసిపోతోంది.* కొత్త రంగు పూయకండి. నూనె రాసి చేత్తో వాడండి, రెండు వానాకాలాలకు రంగు దానంతటదే దిగుతుంది.

*స్క్రూ పానా బిగుసుకుపోయింది.* సుత్తితో కొట్టొద్దు. వారం డీజిల్లో ఉంచి, వేడి నీళ్లలో ముంచి తీసి, మరను రెండు వైపులా కొంచెం కొంచెంగా కదపండి.

*పెట్టె తాళం చెవి లేదు.* కోసేయకండి. తాళాలు బాగుచేసేవారి దగ్గరికి పెట్టెనే తీసుకెళ్లండి, చెవి చేసి ఇస్తారు.

*సుత్తి పిడి వదులైంది.* నీళ్లలో నానబెట్టొద్దు, ఆ రోజుకు బిగుస్తుంది, ఆరాక ఇంకా వదులవుతుంది. తల పైకి ఉండేలా పట్టుకుని పిడి అడుగు చివరను గట్టి నేలకు నాలుగు దెబ్బలు వేస్తే తల బిగుస్తుంది. తర్వాత పిడి పై కొసకు అవిసె నూనె పట్టించండి. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచండి.

*పిడి మీద కాల్చిన ముద్ర ఉంది, కానీ పగిలింది.* పిడి మార్చినా పాతది పారేయొద్దు. అదే నంబరు చీటీ కట్టి తలతోపాటే ఉంచండి.